కూర్చితేనే స్కాన్ అయ్యే రూబిక్స్ క్యూబ్: ఆరు ముఖాలకీ క్యూఆర్ కోడ్‌లు అంటించుకోవడం ఎలా

మామూలు 3×3 రూబిక్స్ క్యూబ్ తీస్కుని రంగు స్టిక్కర్లు పీకేసి, ఒక్కో ముఖానికి ఒక్కో క్యూఆర్ కోడ్‌ని తొమ్మిది ముక్కలుగా కోసి అంటిస్తాం. క్యూబ్ తిప్పేస్తే ఆరు కోడ్‌లూ చెదిరిపోతాయి, ఫోన్ పెట్టి చూసినా ఏమీ రాదు. ఎవరైనా కూర్చోని ఒక ముఖం కరెక్ట్‌గా సెట్ చేస్తే అప్పుడు మాత్రం ఆ ముఖంలో దాచిన మాట ఫోన్‌లో వస్తుంది. బర్త్‌డే గిఫ్ట్‌గా ఇవ్వొచ్చు, ట్రెజర్ హంట్‌లో క్లూగా పెట్టొచ్చు, క్లాస్‌రూమ్‌లో పిల్లలకి పజిల్‌గా ఇవ్వొచ్చు. చేయడం పెద్ద కష్టం కాదు కానీ ముందే తెలుసుకోవాల్సిన విషయాలు కొన్ని ఉన్నాయి, అవి తెలీకుండా ప్రింట్ తీసేస్తే అంటించాక స్కాన్ అవ్వదు, లేదంటే అసలు కూర్చడమే కుదరదు.

ముందు ఈ రెండూ ఇంత బాగా ఎందుకు కలుస్తాయో చెప్తా, ఎందుకంటే మిగతా నిర్ణయాలన్నీ దీని మీదే ఆధారపడి ఉంటాయి. క్యూబ్‌ని ఎర్నో రూబిక్ 1974లో బుడాపెస్ట్‌లో తయారు చేశాడు. క్యూఆర్ కోడ్‌ని జపాన్‌లో మసహిరో హారా టీమ్ 1994లో తెచ్చింది, కార్ల విడిభాగాల లెక్క కోసం. ఇరవై ఏళ్ల తేడా, ఒకదానికొకటి ఏ సంబంధమూ లేదు. అయినా అన్నిటికంటే చిన్న క్యూఆర్ కోడ్, అంటే వెర్షన్ 1, నిలువుకి 21 గడులు అడ్డానికి 21 గడులు ఉంటుంది. 21ని మూడుతో భాగిస్తే 7. అంటే క్యూబ్ మీద ఒక్కో స్టిక్కర్‌కి సరిగ్గా 7×7 గడులు. ఇంకా బాగున్న సంగతి ఏంటంటే, క్యూఆర్ కోడ్ మూడు మూలల్లో కనిపించే ఆ పెద్ద నల్ల బాక్సులు ఉంటాయి కదా, వాటి సైజు కూడా సరిగ్గా 7×7. అంటే ఒక్కో బాక్స్ ఒక్కో కార్నర్ స్టిక్కర్‌లో అంచు నుంచి అంచుకి కూర్చుంటుంది, ఒక్క గడి కూడా అటూ ఇటూ పోదు. ఇది చూశాక నాకైతే వేరే సైజు వాడాలనే అనిపించలేదు.

2×2 క్యూబ్ మీద చేద్దామనుకునేవాళ్లకి ఒక మాట, క్యూఆర్ సైజులన్నీ బేసి సంఖ్యలే (21, 25, 29, 33 ఇలా నాలుగేసి పెరుగుతూ 177 దాకా వెళ్తాయి), కాబట్టి 2×2 మీద ఎప్పుడూ మధ్య గడి సగానికి తెగుతుంది. 3×3కే ఫిక్స్ అయిపోండి.

లోపల ఏం రాయాలి

వెర్షన్ 1లో చోటు చాలా తక్కువ. క్యూఆర్ కోడ్‌కి ఎల్, ఎం, క్యూ, హెచ్ అని నాలుగు ఎర్రర్ కరెక్షన్ లెవెల్స్ ఉంటాయి, కోడ్ కొంత పాడైనా చదవగలిగేలా అదనపు డేటా పెట్టడం అనమాట, లెవెల్ పెరిగే కొద్దీ మన మాటకి చోటు తగ్గుతుంది. ఎల్ లో ఇంగ్లిష్ పెద్దక్షరాలైతే 25, ఎం లో 20, క్యూ లో 16, హెచ్ లో 10. ఉత్త అంకెలైతే వరసగా 41, 34, 27, 17. ఇక్కడ ఒకటి గుర్తుపెట్టుకోండి, పెద్దక్షరాలు, అంకెలు, స్పేస్, ఇంకా చుక్క, గీత, కోలన్ లాంటి కొన్ని గుర్తులు మాత్రమే వాడితేనే ఈ లెక్క. ఒక్క చిన్నక్షరం వచ్చినా మామూలు జనరేటర్ (కోడ్ తయారుచేసి ఇచ్చే సైట్) మొత్తాన్నీ అక్షరానికి ఎక్కువ చోటు తినే బైట్ పద్ధతిలోకి మార్చేస్తుంది, అప్పుడు ఎం లో 20 కాస్తా 14 అయిపోతుంది.

తెలుగులో రాద్దామనుకుంటే ఇంకా టైట్. యూనికోడ్‌లో తెలుగు అక్షరం, ఒత్తు, గుణింతం గుర్తు ఒక్కోటి మూడేసి బైట్లు తింటాయి. "అమ్మ" అంటే అ, మ, పొల్లు, మ, మొత్తం 12 బైట్లు, ఎం లో ఉన్న 14లో పడుతుంది. "నమస్తే" మాత్రం 18 బైట్లు, అది ఎల్ లెవెల్ 17 బైట్లలో కూడా పట్టదు. కాబట్టి తెలుగు మాటలు కావాలంటే ఒక్కో ముఖానికి ఒక చిన్న మాట, ఆరు ముఖాలూ కలిపితే ఒక వాక్యం వచ్చేలా ప్లాన్ చేస్కోండి. నాకు ఇదే అన్నిటికంటే నచ్చిన పద్ధతి, ఒక్కో ముఖం తెరుచుకునే కొద్దీ వాక్యం పూర్తవుతూ వస్తుంది, కూర్చేవాళ్లకి మధ్యలో వదిలేయబుద్ధి కాదు.

లింక్ పెట్టాలంటే చాలా చిన్న లింక్ అయి ఉండాలి, దాన్ని పెద్దక్షరాల్లో రాస్తే చోటు మిగులుతుంది. డొమైన్ పేరుకి పెద్దక్షరాలు చిన్నక్షరాలు ఒకటే, కానీ స్లాష్ తర్వాత వచ్చే భాగానికి చాలా సైట్లలో తేడా ఉంటుంది కాబట్టి ముందు బ్రౌజర్‌లో టైప్ చేసి ఓపెన్ అవుతుందో లేదో చూస్కోండి. జనరేటర్ సైట్లు డైనమిక్ కోడ్ అని ఒకటి ఇస్తాయి, అది వాళ్ల సర్వర్ మీదుగా వెళ్తుంది, ఆ సర్వీస్ ఆగిపోతే మీ క్యూబ్ కూడా చచ్చినట్టే, అందుకే మన మాట నేరుగా కోడ్‌లోనే ఉండే స్టాటిక్ కోడే తీస్కోండి.

పొడుగు లింక్ తప్పదు అనుకుంటే ఇంకో దారి ఉంది, వెర్షన్ 4. అది 33×33, మూడుతో భాగిస్తే 11, అది కూడా గడి తెగకుండా కూర్చుంటుంది, ఎం లెవెల్‌లో 62 బైట్లు పడతాయి. గడి సైజు తగ్గుతుంది, కంటితో ముక్కలు గుర్తుపట్టడం బాగా కష్టమవుతుంది. మొదటి క్యూబ్‌కి మాత్రం వెర్షన్ 1 తోనే వెళ్లండి.

లెవెల్ ఎంపిక, ఇక్కడ కాస్త ఆగి చదవండి

మామూలుగా ఎక్కడ చదివినా "హెచ్ పెట్టుకోండి, సేఫ్" అంటారు. ఈ క్యూబ్‌కి అది తప్పుడు సలహా. ఎందుకో చూడండి. వెర్షన్ 1లో మొత్తం 26 కోడ్‌వర్డ్‌లు ఉంటాయి, ఒక్కోటి ఎనిమిది గడులు. తప్పుగా వచ్చిన కోడ్‌వర్డ్‌లని ఎల్ రెండింటిని సరిచేస్తుంది, ఎం నాలుగు, క్యూ ఆరు, హెచ్ ఎనిమిది. ఇప్పుడు బాక్స్ లేని నాలుగో మూల ఉంది కదా, కింద కుడివైపు స్టిక్కర్, దాని 49 గడుల్లో ఎనిమిది కోడ్‌వర్డ్‌ల భాగాలు ఉంటాయి. అంటే హెచ్ లెవెల్‌లో ఆ మూల మొత్తం తప్పుగా ఉన్నా ఫోన్ లెక్క ప్రకారం సరిచేసుకుని చదివేయగలదు! కూర్చకుండానే జవాబు వచ్చేస్తే ఇంక పజిల్ ఏముంది.

ఎం లో కూడా కొంచెం లీకేజ్ ఉంది. పైవైపు మధ్య స్టిక్కర్‌లో, ఎడమవైపు మధ్య స్టిక్కర్‌లో డేటా తక్కువ, పక్క బాక్సుల చుట్టూ ఉండే తెల్ల గీతలు, కోడ్ చదవడానికి కావాల్సిన గుర్తులే సగం చోటు తింటాయి. ఎడమ మధ్య స్టిక్కర్ తాకేది మూడు కోడ్‌వర్డ్‌లే, పై మధ్యది నాలుగు. ఈ రెండిట్లో ఒకటి తప్పున్నా ఎం ఒక్కోసారి పాస్ చేసేస్తుంది. తొమ్మిదికి తొమ్మిదీ కరెక్ట్‌గా ఉంటేనే తెరుచుకోవాలి అనుకుంటే ఎల్ పెట్టండి. గడులు పెద్దవి కాబట్టి స్టిక్కర్లు శుభ్రంగా ఉన్నంతకాలం ఎల్ కూడా బాగానే చదవబడుతుంది, కాకపోతే లేయర్లు కొంచెం వంకరగా ఉన్నా, వేలిముద్రలు, గీతలు పడినా వెంటనే మొరాయిస్తుంది. పిల్లలకి, గిఫ్ట్‌కి ఎం. క్యూబ్ బాగా ఆడేవాళ్లకి ఎల్. హెచ్ జోలికి పోవద్దు.

జనరేటర్ ఏదైనా పర్లేదు కానీ వెర్షన్, లెవెల్ మనం సెలెక్ట్ చేస్కోగలిగేది చూడండి, ఫైల్ ఎస్‌వీజీలో (సైజు ఎంత మార్చినా మసకబారని బొమ్మ ఫార్మాట్) దించుకోండి, దించాక ఒక అంచు వెంట గడులు లెక్కపెట్టండి, 21 ఉండాలి. 25 వచ్చిందంటే మీ మాట పొడుగైపోయి తనే వెర్షన్ 2కి వెళ్లిపోయిందని అర్థం.

క్యూబ్ ఏది తీస్కోవాలి

తెల్ల ప్లాస్టిక్ బాడీ ఉన్న క్యూబ్ కావాలి. స్టిక్కర్ల మధ్య సందుల్లోంచి బాడీ రంగు కనిపిస్తుంది, తెల్లదైతే ఆ సందు కోడ్‌లో కలిసిపోతుంది. నల్ల బాడీ అయితే బాక్స్ నల్ల బోర్డర్‌కి సందు నలుపు కలిసి బోర్డర్ లావైపోతుంది. ఫోన్ ఆ బాక్సుల్ని గుర్తుపట్టేది 1:1:3:1:1 నిష్పత్తి చూసి, అంటే నలుపు ఒకటి, తెలుపు ఒకటి, నలుపు మూడు, తెలుపు ఒకటి, నలుపు ఒకటి, మధ్యలోంచి ఏ వైపు అడ్డంగా కోసినా ఇదే వరస. బోర్డర్ లావైతే ఈ లెక్క చెడుతుంది.

ముఖాలు ఫ్లాట్‌గా ఉండాలి, ఉబ్బెత్తు క్యూబ్ వద్దు. మ్యాగ్నెట్ ఉన్న క్యూబ్ దొరికితే చాలా మంచిది, లేయర్లు వాటంతట అవే సూటిగా సర్దుకుంటాయి, స్కానింగ్‌లో సగం తలనొప్పి అక్కడే పోతుంది.

పాత స్టిక్కర్లు తీయడానికి హెయిర్ డ్రైయర్‌తో కాస్త వెచ్చబెట్టి మూల నుంచి నెమ్మదిగా లాగండి. మిగిలిన జిగురుని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచేయండి. నెయిల్ పాలిష్ రిమూవర్ మాత్రం వాడొద్దు, అందులో ఎసిటోన్ ఉంటే క్యూబ్ తయారయ్యే ఏబీఎస్ ప్లాస్టిక్‌నే కరిగిస్తుంది.

ప్రింట్, కటింగ్

స్కేలుతో ముఖం కొలవండి. పాత స్టాండర్డ్ సైజు 57 మి.మీ., ఇప్పటి స్పీడ్ క్యూబ్‌లు చాలావరకు 55, 56 ఉంటాయి. 57 అయితే ఒక్కో ముక్కకి 19 మి.మీ., ఒక్కో గడి దాదాపు 2.7 మి.మీ. వస్తుంది. కోడ్ చుట్టూ జనరేటర్ పెట్టే తెల్ల మార్జిన్ తీసేసి, కోడ్ మొత్తాన్ని ఒకే బొమ్మగా ముఖం సైజుకి సరిగ్గా పెట్టి ప్రింట్ ఇవ్వండి, ప్రింట్ సెట్టింగ్‌లో ఫిట్ టు పేజ్ ఆఫ్ చేసి 100 శాతం పెట్టాలి.

ఇప్పుడు ముఖ్యమైన పని. చాలామందికి మొదట వచ్చే ఆలోచన, ఒక్కో ముక్కని విడిగా 17 మి.మీ.కి కుదించి సందులు వదిలి అంటిద్దాం అని. అలా చేయొద్దు. ఫోన్‌లోని డీకోడర్ సాధారణంగా బాక్సుల మధ్య దూరం కొలిచి, దాన్ని గడి సైజుతో భాగించి మొత్తం ఎన్ని గడులో లెక్కేస్తుంది. గడులు చిన్నవైపోయి మధ్యలో సందులు పెరిగితే లెక్క 21 బదులు 23 దగ్గరికి వెళ్తుంది, 23 గడుల క్యూఆర్ అనేదే లేదు, దాంతో వదిలేస్తుంది. బదులుగా బొమ్మని 19 మి.మీ. గీతల మీద తొమ్మిదిగా కోసి, తర్వాత ప్రతి ముక్క నాలుగు అంచుల్లోనూ అర మి.మీ. చెక్కేయండి. అంచు గడులు కాస్త సన్నబడతాయి కానీ ప్రతి గడీ ఉండాల్సిన చోటే ఉంటుంది, స్టిక్కర్లు ఒకదానికొకటి రాసుకుని లేచిపోకుండా కూడా ఉంటాయి.

మెటీరియల్ విషయానికొస్తే మ్యాట్ వినైల్ స్టిక్కర్ షీట్. గ్లాసీ ఫినిష్ అయితే లైట్ పడి మెరిసి కెమెరాకి తెల్ల మచ్చలా కనిపిస్తుంది. మామూలు పేపర్ స్టిక్కర్ వేళ్ల చెమటకి రెండు రోజుల్లో మాసిపోతుంది. ఇంక్‌జెట్ అయితే పైన మ్యాట్ లామినేషన్ వేయించి ఆ తర్వాత కోయండి. స్టీల్ స్కేలు, కొత్త బ్లేడు, కింద కటింగ్ మ్యాట్, అంతే.

వినైల్ మీద ప్రింట్ ఇచ్చే ముందు మామూలు పేపర్ మీద ఒక ముఖం తీసి, కోసి, క్యూబ్ మీద డబుల్ టేప్‌తో పెట్టి ఇద్దరి ముగ్గురి ఫోన్లలో స్కాన్ చేసి చూడండి. ఈ స్టెప్ దాటేయొద్దు.

ఒకేలా ఉండే కార్నర్ల చిక్కు

ఈ మొత్తం ప్రాజెక్టులో నాకు బాగా ఆసక్తిగా అనిపించే భాగం ఇదే, కూర్చేటప్పుడు జనం ఇరుక్కుపోయేది కూడా ఇక్కడే. ఒక్కో ముఖానికి నాలుగు కార్నర్ స్టిక్కర్లు, అందులో మూడు బాక్సులు. ఆరు ముఖాలకీ కలిపి 24 కార్నర్ స్టిక్కర్లలో 18 ఒకే బొమ్మ. పైగా ఆ బొమ్మ ఎటు తిప్పినా ఒకేలా ఉంటుంది. డేటా ఉన్న కార్నర్ స్టిక్కర్లు ఆరే. క్యూబ్‌కి కార్నర్ పీసులు ఎనిమిది. అంటే ఎలా అంటించినా కనీసం రెండు కార్నర్ పీసులకి మూడు వైపులా బాక్సులే వస్తాయి, ఆ రెండూ కంటికి అచ్చం కవలలు.

దాని వల్ల ఏమవుతుందంటే, కూర్చేవాడు తెలీకుండా ఆ కవలల్ని ఒకదాని చోట ఒకటి పెడతాడు, చూడ్డానికి కరెక్ట్‌గానే ఉంటుంది, చివర్లో మాత్రం రెండు ఎడ్జ్ పీసులు (రెండు కార్నర్ల మధ్య ఉండే ముక్కలు) అటుదిటు ఇటుదటు అయి ఆగిపోతాయి. మామూలు 3×3లో ఇలా రావడం అసాధ్యం కాబట్టి క్యూబ్ విరిగిందేమో, స్టిక్కర్ తప్పు అంటించారేమో అనుకుంటాడు. అలాగే బాక్స్ కార్నర్ తన చోటే ఉండి మెలితిరిగి ఉన్నా కనబడదు, ఆ మెలిక ఇంకో కార్నర్ దగ్గర బయటపడుతుంది.

తప్పించుకోడానికి సులువైన దారి రంగులు. ఒక్కో ముఖం కోడ్‌ని ఒక్కో ముదురు రంగులో ప్రింట్ చేయండి: నలుపు, నేవీ బ్లూ, ముదురు ఆకుపచ్చ, మెరూన్, ముదురు వంకాయ రంగు, కాఫీ రంగు. తెల్ల బ్యాక్‌గ్రౌండ్ మీద ఇవన్నీ స్కాన్ అవుతాయి, ఫోన్ చూసేది నలుపు తెలుపుల తేడానే కాబట్టి రంగు ముదురుగా ఉంటే చాలు. పసుపు, నారింజ, లేత రంగులు వద్దు. ఇలా చేస్తే ఏ రెండు పీసులూ ఒకేలా ఉండవు, మామూలు క్యూబ్ కూర్చడం వచ్చిన ఎవరైనా కూర్చగలరు.

మొత్తం నలుపు తెలుపులోనే ఉండాలి, కష్టంగా ఉంటేనే మజా అనుకుంటే డేటా కార్నర్లని ఆరు వేర్వేరు పీసుల మీద పడేలా పంచండి, లేదంటే కవలలు రెండు కాదు, మూడు నాలుగు అవుతాయి. ఎలా పంచాలంటే, ముందువైపు కుడి పై మూలని, దానికి పూర్తిగా ఎదురుగా వెనక ఎడమ కింద ఉండే మూలని పక్కన పెట్టండి, అవి రెండూ కవలలు. మిగిలిన ఆరింటిలో పై ముఖం డేటా మూల వెనక కుడి పై పీస్ మీద, వెనక ముఖానిది వెనక ఎడమ పై, ఎడమ ముఖానిది ముందు ఎడమ పై, ముందు ముఖానిది ముందు ఎడమ కింద, కింద ముఖానిది ముందు కుడి కింద, కుడి ముఖానిది వెనక కుడి కింద పీస్ మీద పడేలా ఒక్కో కోడ్‌ని తిప్పి అంటించండి. క్యూఆర్ ఎటు తిరిగి ఉన్నా స్కాన్ అవుతుంది కాబట్టి ఏ ముఖాన్ని ఎటు తిప్పినా ఇబ్బంది లేదు. ఆ ఎడ్జ్‌ల పరిస్థితి ఎదురైనప్పుడు కవలల్ని మార్చి మళ్లీ చూడమని కూర్చేవాళ్లకి చెప్పండి, టీ-పెర్మ్ (రెండు కార్నర్లనీ రెండు ఎడ్జ్‌లనీ ఒకేసారి మార్చే ఫార్ములా) తెలిసినవాళ్లకి అది రెండు నిమిషాల పని.

అంటించేటప్పుడు ఒక ముఖం పూర్తిగా అయ్యాక వెంటనే స్కాన్ చేసి, అప్పుడే తర్వాతి ముఖానికి వెళ్లండి. ఆరూ అయ్యాక ఆరు ముఖాల ఫోటోలూ, ఏ ముఖం పక్కన ఏది ఉందో తెలిసేలా, తీసి పెట్టుకోండి. తిప్పేశాక ఈ ఫోటోలు లేకపోతే మీక్కూడా ఏ ముక్క ఎక్కడిదో తెలీదు.

కూర్చేవాళ్లకి చెప్పాల్సినవి

మామూలు క్యూబ్‌లో మధ్య స్టిక్కర్ ఎటు తిరిగి ఉన్నా పట్టించుకోం. ఇక్కడ మధ్య స్టిక్కర్‌లో కూడా డేటా ఉంది, అది పక్కకి తిరిగితే కోడ్ చదవబడదు. మామూలు 3×3కి 4,32,52,00,32,74,48,98,56,000 అమరికలు, అంటే 4 తర్వాత ఇంకో పంతొమ్మిది అంకెలు. సెంటర్ల తిరుగుడు కూడా లెక్కలోకి వస్తే అది ఇంకో 2048 రెట్లు పెరుగుతుంది.

కానీ ఒక్క ముఖమే చదవాలంటే కంగారు అక్కర్లేదు. ముందు మధ్య స్టిక్కర్ ఎటు ఉందో చూసి దాన్నే ఆధారంగా పెట్టుకుని, చుట్టూ ఎనిమిది ముక్కల్ని దాని ప్రకారం తెచ్చుకుంటే సరిపోతుంది, పక్క ముఖాలు ఎలా ఉన్నా ఫోన్‌కి సంబంధం లేదు. ఆరూ ఒకేసారి కావాలంటే మాత్రం, మిగతా క్యూబ్ మొత్తం కూర్చేశాక సెంటర్లు సరిచేసే ఫార్ములాలు రెండు చాలు. ఎఫ్ ముందు, బి వెనక, ఎల్ ఎడమ, ఆర్ కుడి, యు పైన, డి కింద, ప్రైమ్ అంటే ఆ ముఖానికి ఎదురుగా నిలబడి చూస్తే గడియారానికి వ్యతిరేకంగా. పై సెంటర్ తలకిందులుగా ఉంటే: ఆర్, ఎల్, యు రెండుసార్లు, ఆర్ ప్రైమ్, ఎల్ ప్రైమ్, యు, ఈ మొత్తాన్నీ ఇంకోసారి. పై సెంటర్ గడియారం వైపు పావు తిరగాలి, ముందు సెంటర్ దానికి వ్యతిరేకంగా పావు తిరగాలి అంటే: ఎఫ్, బి ప్రైమ్, ఎల్, ఆర్ ప్రైమ్, యు, డి ప్రైమ్, ఎఫ్ ప్రైమ్, యు ప్రైమ్, డి, ఎల్ ప్రైమ్, ఆర్, ఎఫ్ ప్రైమ్, బి, యు. మిగతా ఏ పీసూ కదలదు. ఒక్క సెంటర్ మాత్రమే పావు తిరిగి ఉండటం అనేది కుదరదు, అలా కనిపిస్తే ఇంకోటి కూడా ఎక్కడో తిరిగి ఉంటుంది, లేదంటే స్టిక్కరే తిప్పి అంటించారు.

ముక్కల్ని కంటితో గుర్తుపట్టే ట్రిక్ కూడా చెప్పండి, అది లేకపోతే నలుపు తెలుపు క్యూబ్ చూసి జనం భయపడతారు. ఏదైనా ఎడ్జ్ స్టిక్కర్‌ని దగ్గరగా చూడండి. ఎదురెదురు అంచులు రెండూ పూర్తిగా తెల్ల గీతలుగా ఉండి, మూడో అంచు మీద నలుపు తెలుపు గడులు ఒకటి విడిచి ఒకటి వస్తుంటే అది రెండు బాక్సుల మధ్య కూర్చునే ముక్క, ఆ ఒకటి విడిచి ఒకటి ఉన్న అంచు ఎప్పుడూ మధ్య స్టిక్కర్ వైపే ఉండాలి. ఒకే పక్క తెల్ల గీత గ్యారంటీగా ఉండేది బాక్స్‌కీ డేటా మూలకీ మధ్య ముక్క, ఆ తెల్ల గీత బాక్స్ వైపు వెళ్తుంది. ఈ రెండు గుర్తులతో సగం పైన ముక్కలు ఫోటో చూడకుండానే ఎటు తిప్పాలో తెలిసిపోతుంది.

స్కాన్ అవ్వకపోతే

క్యూఆర్ కోడ్ చుట్టూ నాలుగు గడుల మేర ఖాళీ ఉండాలని స్టాండర్డ్ చెప్తుంది. క్యూబ్ మీద అంత చోటు లేదు, కోడ్ అంచుతోనే క్యూబ్ అయిపోతుంది. అందుకే చేతిలో పట్టుకుని స్కాన్ చేస్తే వేళ్లు, వెనకాల ఉన్న సామాన్లు అడ్డొస్తాయి. తెల్ల కాగితం మీద పెట్టి సరిగ్గా పైనుంచి, ఒక జానెడు ఎత్తులో ఫోన్ పట్టుకోండి, పక్క ముఖాలు ఫ్రేమ్‌లో కనబడకూడదు. నీడ పడకుండా పక్క నుంచి వెలుతురు ఉంటే ఇంకా మంచిది. లేయర్లు వంకరగా ఉంటే సర్దండి. అప్పటికీ రాకపోతే మొదట సెంటర్ తిరుగుడు చూడండి, తర్వాత ఎడ్జ్ ఏదైనా తిరగబడి ఉందేమో చూడండి.

తిప్పేసిన ముఖం మీద కూడా మూడు నాలుగు బాక్సులు కనిపిస్తూనే ఉంటాయి, 24లో 18 అవే కాబట్టి. కొన్ని ఫోన్లు దాన్ని చూసి ఏదో కోడ్ దొరికినట్టు ఫ్రేమ్ చూపించి ఆగిపోతాయి, అది మామూలే, లోపలి డేటా సరిపోకపోతే ఏమీ తెరుచుకోదు.

ప్రింట్ ఇచ్చేటప్పుడే అదనంగా ఒక షీట్ తీసి పెట్టుకోండి. వేళ్లు ఎక్కువగా తగిలేది కార్నర్లకి, ముందు లేచేవీ అవే. మొత్తం నలుపులో చేసినవాళ్లకైతే ఉత్త బాక్సుల షీట్ ఒకటి ఉంటే ఏ ముఖం కార్నర్ ఊడినా దాంట్లోంచే ఒకటి తీసి అంటించేయొచ్చు, రంగుల్లో చేసినవాళ్లు ఏ రంగుకి ఆ రంగు నాలుగైదు బాక్సులు వేసి ఉంచుకోవాలి.